గణిత కవి పావులూరి మల్లన

గోదావరీ నది తెలంగాణలో అడుగుపెట్టిన కొద్ది దూరంలోనే బాసర క్షేత్రం ఉన్నది. 2016 వరకు ఆదిలాబాదు జిల్లాలో ఉండి, ఇప్పుడు నిర్మల్ జిల్లాలో చేరిన ఈ జ్ఞానసరస్వతీ సన్నిధికి తల్లిదండ్రులు తమ బిడ్డలను అక్షరాభ్యాసానికి తీసుకొనివస్తారు. పళ్లెంలో బియ్యం పోసి, పసివాని వ్రేలు పట్టి తొలి అక్షరం దిద్దించడం తెలుగువారి ఆచారం. గింజల మీద అక్షరం నేర్చిన జాతికి గింజలతో లెక్క నేర్వడం కూడ సహజమే. అటువంటి గింజల లెక్కనొకదానిని తీసుకొని, ఇరవై అంకెల సమాధానాన్ని ఒక్క అంకె తప్పకుండా ఒకే ఒక తెలుగు పద్యంలో ఇమిడ్చిన మహనీయుడు పావులూరి మల్లన. తెలుగులో శాస్త్రగ్రంథ రచనకు శ్రీకారం చుట్టిన కవిగా సాహిత్య చరిత్రలో ఆయనకు శాశ్వతస్థానం లభించింది.

మల్లన అనువదించిన గ్రంథానికి మూలం తెలుగు నేలకు పడమటి దిక్కున పుట్టింది. ఆ పడమటి విద్యా వాతావరణాన్ని అర్థం చేసుకోవడానికి కరీంనగర్ ప్రాంతమే మంచి సాక్ష్యం. కరీంనగర్ జిల్లా గంగాధర మండలంలోని కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట అనే కొండ ఉన్నది. ఆ కొండరాతిపై సుమారు 945 ప్రాంతంలో జినవల్లభుడు ఒక శాసనం చెక్కించాడు. ఆయన కన్నడ ఆదికవి పంపని తమ్ముడు. సంస్కృత, కన్నడ, తెలుగు భాషలు మూడింటిలో ఉన్న ఆ శాసనంలో మూడు తెలుగు కందపద్యాలున్నాయి. నన్నయకు నూరేండ్లకు ముందే తెలుగు పద్యం ఈ నేలపై పరిపక్వమైందని ఆ శాసనం చాటుతున్నది. ఆనాడు ఈ ప్రాంతాన్ని వేములవాడ చాళుక్యులు పాలించారు. వారు మాన్యఖేట రాష్ట్రకూటులకు సామంతులు. రాష్ట్రకూటుల ఆశ్రయంలోను, వారి సామంతుల ఆశ్రయంలోను జైన పండితులు వ్యాకరణం, కావ్యం, నీతిశాస్త్రం, గణితం మొదలైన విద్యలను పెంచి పోషించారు.

రాష్ట్రకూట చక్రవర్తులలో అమోఘవర్ష నృపతుంగుడు విద్యాప్రియుడు. ఆయన 814 నుండి 878 వరకు రాజ్యం చేశాడు. ఆయన కాలంలో, సుమారు 850 ప్రాంతంలో, మహావీరాచార్యుడు అనే జైన విద్వాంసుడు సంస్కృతంలో గణితసారసంగ్రహం రచించాడు. అంతకుముందు మన దేశంలో గణితం ఎక్కువగా జ్యోతిషగ్రంథాలలో ఒక భాగంగా ఉండేది. మహావీరుడు దానిని జ్యోతిషం నుండి వేరుచేసి, స్వతంత్ర శాస్త్రంగా తొమ్మిది అధికారాలలో నిరూపించాడు. ఋణసంఖ్యకు వర్గమూలం ఉండదని గుర్తించిన ప్రతిభాశాలి ఆయన. పెద్ద సంఖ్యలంటే ఆయనకు మక్కువ ఎక్కువ. ఏకం మొదలుకొని మహాక్షోభం వరకు ఇరవైనాలుగు స్థానాలకు ఆయన పేర్లు చెప్పాడు. గుణించినప్పుడు కంఠహారంలోని మణులవలె అంకెలు వరుసగా అమరే సంఖ్యలను ఏరి చూపించాడు. 1,52,207ను 73తో గుణిస్తే ఎనిమిది ఒకట్లు వరుసగా నిలుస్తాయి. 14,28,57,143ను 7తో గుణిస్తే రెండు కొసలలో ఒకట్లు, నడుమ అన్నీ సున్నలు వస్తాయి. సంఖ్యలో ఉపయోగంతో పాటు సౌందర్యం కూడ ఉన్నదని నమ్మిన ఆచార్యుని గ్రంథమది. దానిని తెలుగు చేసే భారాన్ని మల్లన తలకెత్తుకొన్నాడు.

మల్లన జీవితాన్ని గురించి మనకు తెలిసిన సంగతులు స్వల్పం. ఆయన తండ్రి శివన్న. తాత పేరు కూడ మల్లనయే. వేంగీ చాళుక్యరాజు రాజరాజనరేంద్రుడు పిఠాపురం సీమలోని నవఖండవాడ అనే గ్రామాన్ని పావులూరి మల్లనకు దానమిచ్చినట్లు గ్రంథస్థమై ఉన్నది. ఈ దానం పొందినవాడు గ్రంథకర్తయేనా, లేక ఆయన తాతయా అన్న విషయంలో పండితులు భిన్నాభిప్రాయాలు ప్రకటించారు. దానం పొందినవాడు గ్రంథకర్తయే అన్న పక్షంలో ఆయన నన్నయకు సమకాలికుడవుతాడు. తాత పొందిన దానమన్న పక్షంలో గ్రంథకర్త సుమారు 1100 ప్రాంతంవాడవుతాడు. రాజరాజనరేంద్రుడు 1022లో పట్టాభిషిక్తుడై 1061 వరకు పాలించినవాడు కనుక ఈ రెండు అభిప్రాయాలకు మధ్య ఉన్న ఎడం రెండు తరాలు మాత్రమే. ఏ పక్షాన్ని అంగీకరించినా, తెలుగు సాహిత్యం తొలి అడుగులు వేస్తున్న కాలంలోనే మల్లన గణితాన్ని తెలుగు చేశాడన్నది నిర్వివాదం.

ఆనాడు ఆ పని సామాన్యమైనది కాదు. శాస్త్రానికి సంస్కృతమే భాష అన్న భావం పండితలోకంలో స్థిరపడి ఉన్నది. కథ చెప్పడానికి, దేవుని స్తుతించడానికి దేశభాష పనికివస్తుందేమో గాని, సూక్ష్మమైన శాస్త్రనియమాన్ని అది మోయగలదా అన్నది అప్పటికి తేలని ప్రశ్న. కావ్యంలో ఒక విశేషణం మారినంత మాత్రాన కథ చెడదు. గణితంలో ఒక్క మాట మారితే ఫలితమంతా వ్యర్థమవుతుంది. పైగా ఆ రోజులలో శాస్త్రమైనా పద్యంలోనే చెప్పాలి. యతిప్రాసల నియమాలను పాటిస్తూనే, లెక్కలో వెంట్రుకవాసి తేడా రానీయకుండా చెప్పాలి. చూచి అనుసరించడానికి తెలుగులో మరొక శాస్త్రగ్రంథం ఆయన ముందు లేదు.

మల్లన రచనకు సారసంగ్రహ గణితమని పేరు. లోకంలో అది పావులూరి గణితంగా ప్రసిద్ధికెక్కింది. ఆయన మూలాన్ని మాటకు మాటగా తెలిగించలేదు. మహావీరుడు జైనుడు; మల్లన శివభక్తుడు. మూలంలో జినేశ్వరుని పూజకు తెచ్చిన పూవుల లెక్కలు ఉన్న చోట్ల తెలుగులో శివపూజకు తెచ్చిన పూవుల లెక్కలు చోటుచేసుకొన్నాయి. ఉదాహరణలు మారినా సూత్రాలు మారలేదు. పరమతానికి చెందిన ఆచార్యుని గ్రంథమని ఆయన దానిని త్రోసిపుచ్చలేదు. తన మతానికి సరిపడని సూత్రమని దేనినీ వక్రీకరించలేదు. మతవాదాలు ముదురుతున్న ఆ శతాబ్దాలలో ఈ ఔదార్యం ఎన్నదగినది.

ఇక మల్లన కీర్తికి మూలకందమైన చదరంగపు లెక్కను పరిశీలిద్దాం. చదరంగపు పలకపై అరవైనాలుగు గడులుంటాయి. మొదటి గడిలో ఒక గింజ, రెండవ గడిలో రెండు, మూడవ గడిలో నాలుగు, నాలుగవ గడిలో ఎనిమిది, ఇట్లా గడిగడికీ రెట్టింపు చేస్తూ పోతే మొత్తం గింజలెన్ని? చదరంగాన్ని కనిపెట్టిన పండితుడు రాజును బహుమానంగా ఈ గింజలనే కోరాడనీ, చిన్న కోరికగా తలచిన రాజు ఇవ్వలేక తెల్లబోయాడనీ ఒక కథ దేశదేశాలలో వ్యాపించింది. అరబ్బు దేశాల పండితులు కూడ ఈ లెక్కపై ఆసక్తి చూపారు. మల్లనకు కొంచెం ముందుకాలంవాడైన అల్‌బెరూనీ సుమారు 1000 ప్రాంతంలో తాను రచించిన కాలగణన గ్రంథంలో ఈ మొత్తాన్ని సాధించి చూపాడు.

రాజు ఎందుకు మోసపోయాడో తెలియాలంటే మన పొలాలలో పండే వడ్లతో లెక్క వేసి చూడాలి. వెయ్యి వడ్లగింజలు ఇరవైఐదు గ్రాములు తూగుతాయనుకొందాం. పది గడులు నిండేసరికి పోసినవి 1,023 గింజలు మాత్రమే. అవి దోసిలి అడుగున కూడ నిండవు. ఇరవైయొకటవ గడి నిండేసరికి 20,97,151 గింజలవుతాయి. అంటే సుమారు యాభైరెండు కిలోలు. పలకలో సగం, అనగా ముప్పైరెండు గడులు నిండేటప్పటికి ఆ మొత్తం నూటఏడు టన్నులు దాటుతుంది. అక్కడికి ఒక సంపన్నుడైన రాజు ఇవ్వగలిగినదే. రెండవ సగంలోకి అడుగుపెట్టిన తరువాత గాని అసలు స్వరూపం బయటపడదు. అరవైనాలుగు గడులూ నిండడానికి నలభైఆరు వేల కోట్ల టన్నుల వడ్లు కావాలి. నేడు ప్రపంచంలోని వరిపొలాలన్నీ కలిసి ఏడాదికి పండించే ధాన్యం ఎనభై కోట్ల టన్నులకు అటూ ఇటూగా ఉన్నది. ఆ లెక్కన ఐదువందల ఏండ్లకు పైబడిన ప్రపంచపు పంట అంతా ఒక్క చదరంగపు పలకకు చాలదు. సెకనుకు ఒక గింజ చొప్పున లెక్కించినా యాభైఎనిమిది వేల కోట్ల ఏండ్లు పడుతుంది.

ఆ మొత్తం 1,84,46,74,40,73,70,95,51,615. ఇందులో ఇరవై అంకెలున్నాయి. మహావీరుని స్థానక్రమంలో చూస్తే ఇది మహాశంఖం అనే ఇరవయ్యవ స్థానానికి చేరుతుంది. ఇంత పెద్ద సంఖ్యను సాధించడానికి అరవైనాలుగు గడులను ఒక్కొక్కటిగా కూడనక్కరలేదు. గుణశ్రేఢి మొత్తాన్ని సులభంగా కనుగొనే మార్గం గణితసారసంగ్రహంలో ఉన్నది. ఒకటి, రెండు కలిస్తే మూడు. అది నాలుగుకు ఒకటి తక్కువ. ఒకటి, రెండు, నాలుగు కలిస్తే ఏడు. అది ఎనిమిదికి ఒకటి తక్కువ. ఏ గడి దగ్గర ఆగినా అంతవరకు పోసిన మొత్తం తరువాతి గడిలో పోయవలసిన గింజలకు ఒకటి తక్కువగా ఉంటుంది. కనుక అరవైఐదవ గడి ఒకటి ఉన్నదని ఊహించి, అందులోని గింజలను కనుగొని, ఒకటి తీసివేస్తే చాలు. దానికి రెండును అరవైనాలుగు మారులు గుణించాలి. అది కూడ ఆరు వర్గాలతో ముగుస్తుంది. రెండు వర్గం నాలుగు; దాని వర్గం పదహారు; దాని వర్గం 256; దాని వర్గం 65,536; దాని వర్గం 4,29,49,67,296; మరొక్కసారి వర్గం చేస్తే కోరిన సంఖ్య వస్తుంది. ఘాతాన్ని సగాలు చేసుకొంటూ పోయే ఈ ఉపాయం పింగళుని ఛందశ్శాస్త్రం నుండి మన గణితంలో పరంపరగా వస్తున్నది. గురులఘువులు లెక్కించడానికి పుట్టిన ఉపాయం గింజల లెక్కకు తోడ్పడింది.

సంఖ్యను సాధించడం ఒక ఎత్తు, దానిని పద్యంలో నిలపడం మరొక ఎత్తు. ఇరవై అంకెల పేర్లను వరుసగా వల్లిస్తే పద్యం కాదు. అందుకు మల్లన భూతసంఖ్యా పద్ధతిని ఆశ్రయించాడు. లోకంలో చంద్రుడు ఒక్కడే కనుక చంద్రుడంటే ఒకటి. అగ్నులు మూడు. వేదాలు నాలుగు, బ్రహ్మముఖాలు నాలుగు, సముద్రాలు నాలుగు. మన్మథుని బాణాలు ఐదు. తర్కాలు ఆరు. కులపర్వతాలు ఏడు. దిగ్గజాలు ఎనిమిది. శరీరంలోని రంధ్రాలు తొమ్మిది. ఏమీ లేని ఆకాశం సున్న. శాసనాలలో శకవర్షాలను చెప్పడానికి కవులు ఈ పద్ధతినే వాడేవారు. ఇందులో అంకెలు కుడినుండి ఎడమకు నడుస్తాయి; అనగా పద్యంలో ముందుగా చెప్పినది ఒకట్ల స్థానంలోని అంకె.

మల్లన ఈ ఇరవై అంకెలను ఒక చంపకమాలలో పొదిగాడు. సంఖ్యలో నాలుగు నాలుగుసార్లు వస్తుంది. ఒక చోట వేదం, ఒక చోట బ్రహ్మముఖం, రెండు చోట్ల సముద్రానికి వేరువేరు పర్యాయపదాలు వాడి ఆయన వాటిని నిర్వహించాడు. మూడు మారులు వచ్చే ఒకటికి చంద్రుని పేర్లు, మూడు మారులు వచ్చే ఏడుకు పర్వతం పేర్లు, రెండు మారులు వచ్చే సున్నకు ఆకాశం పేర్లు వేరువేరుగా కనిపిస్తాయి. ఈ పదవైవిధ్యం పాండిత్య ప్రదర్శన కోసం కాదు. ఎక్కడ గురువు కావాలో, ఎక్కడ లఘువు కావాలో చూచుకొని, అంకె మారకుండ మాట మార్చుకొనడానికి పర్యాయపదాలే ఆయనకు ఆధారమైనాయి.

ఈ పద్యం తాటాకులపై శతాబ్దాల పాటు ప్రతి తరువాత ప్రతిగా వ్రాయబడుతూ వచ్చింది. లేఖకుల చేతిలో ఎన్నో కావ్యాలలో పాఠభేదాలు చోటుచేసుకొన్నాయి. కావ్యంలో కవి వ్రాసిన పాఠమేదో తేల్చడానికి పండితులు తర్కవితర్కాలు చేయాలి. ఈ పద్యానికి మాత్రం సాక్షి గణితమే. పద్యం చెప్పిన అంకెలన్నింటినీ కూడితే 87 వస్తుంది. దానిని తొమ్మిదితో భాగిస్తే శేషం ఆరు. రెండును అరవైనాలుగు మారులు గుణించి ఒకటి తీసివేసిన సంఖ్యకు కూడ తొమ్మిదితో భాగించినప్పుడు శేషం ఆరే రావాలి, అట్లే వస్తున్నది. పూర్తిగా గుణించి చూచినా ఒక్క అంకె తేడా లేదు. సుమారు తొమ్మిది వందల ఏండ్ల తరువాత కూడ ఎవరి మాటనూ నమ్మకుండా, ఎవరికి వారే పరీక్షించి ఒప్పుకోదగిన తెలుగు పద్యమిది.

ఈ సంఖ్యలో మరికొన్ని విశేషాలున్నాయి. రెండును మాత్రమే గుణించుకొంటూ సాధించిన ఈ మొత్తంలో రెండు అనే అంకె ఎక్కడా కనబడదు. రెండుతో ఇది నిశ్శేషంగా భాగింపబడదు కూడ. దీని ప్రధాన కారణాంకాలు 3, 5, 17, 257, 641, 65,537, 67,00,417. ఏడూ వేరువేరు సంఖ్యలు. ఏ ఒక్కటీ రెండవసారి రాదు. వీటిలో 641 వెనుక ఒక చరిత్ర ఉన్నది. పదిహేడవ శతాబ్దంలో ఫెర్మా అనే ఫ్రెంచి గణితవేత్త 3, 5, 17, 257, 65,537 ప్రధాన సంఖ్యలైనట్లే, ఆ వరుసలో తరువాతిదైన 4,29,49,67,297 కూడ ప్రధాన సంఖ్యయే అని ఊహించాడు. 1732లో ఆయిలర్ దానిని 641 నిశ్శేషంగా భాగిస్తుందని చూపి ఆ ఊహను త్రోసివేశాడు. ఈ ఆరు సంఖ్యలను ఒకదానితో ఒకటి గుణిస్తే వచ్చే లబ్ధం సరిగ్గా చదరంగపు గింజల మొత్తమే. ఫెర్మా, ఆయిలర్లు తర్జనభర్జన పడిన సంఖ్యలన్నింటినీ తన కడుపులో దాచుకొన్న మహాసంఖ్యను మల్లన అప్పటికి ఆరు శతాబ్దాలకు ముందే తెలుగులో పలికాడు.

మల్లన తరువాత తెలుగులో గణితరచన ఆగిపోలేదు. ఎలుగంటి పెద్దన భాస్కరాచార్యుని లీలావతిని అనుసరించి ప్రకీర్ణ గణితం రచించాడు. పావులూరి గణితం మాత్రం వీథిబడులలో పంతుళ్లకు, గ్రామాలలో కరణాలకు చిరకాలం కరదీపికగా నిలిచింది. పొలం కొలిచినా, ధాన్యం పంచినా, వడ్డీ కట్టినా ఆ పద్యాలే ఆధారమైనాయి. దాని మూలమైన మహావీరుని గ్రంథాన్ని మద్రాసులో ఎం. రంగాచార్యులు ఆంగ్లానువాదంతో 1912లో ప్రకటించిన తరువాత లోకానికి ఆ గ్రంథం గొప్పతనం తెలిసింది. ఆంగ్లేయుల కంటె ఎనిమిది శతాబ్దాలు ముందుగా తెలుగువారు దానిని తమ భాషలో చదువుకొన్నారు.

నేటి కాలంలో ఈ సంఖ్యకు క్రొత్త ప్రాధాన్యం ఏర్పడింది. కంప్యూటరు సంఖ్యలను సున్న, ఒకటి అనే రెండు గుర్తులతోనే వ్రాసుకొంటుంది. ఒక్కొక్క గుర్తు నిలిచే చోటును బిట్టు అంటారు. ఇప్పటి కంప్యూటర్లలోను, సెల్‌ఫోన్లలోను చాలావరకు ఒకేసారి అరవైనాలుగు బిట్లను పట్టి లెక్క చేసే యంత్రాంగమున్నది. చదరంగపు పలకలోని గడులకు ఈ బిట్లకు భేదం లేదు. మొదటి బిట్టు విలువ ఒకటి, రెండవదాని విలువ రెండు, మూడవదాని విలువ నాలుగు. అరవైనాలుగు బిట్లలోను ఒకట్లే ఉన్నప్పుడు అంతకు మించిన పూర్ణసంఖ్య అందులో పట్టదు. ఆ గరిష్ఠ సంఖ్య మల్లన చంపకమాలలో చెప్పిన సంఖ్యయే. దానికి ఒకటి కలిపితే యంత్రంలోని గడులన్నీ సున్నలై, లెక్క మళ్లీ మొదటికి వస్తుంది.

పావులూరి మల్లన రాజ్యాలు జయించలేదు, మహాకావ్యాలు వ్రాయలేదు. మాతృభాషలో శాస్త్రం చెప్పవచ్చునా అన్న సందేహానికి వాదంతో కాక, నిర్దుష్టమైన ఒక లెక్కతో సమాధానం చెప్పాడు. భాష శాస్త్రానికి చాలదన్న మాట తరతరాలుగా వినబడుతూనే ఉన్నది. అది భాషకున్న లోపమా, వాడనివారి లోపమా అన్నది ఆలోచించవలసిన విషయం. బియ్యంలో అక్షరం దిద్దిన ప్రతి విద్యార్థీ ఒకసారి కాగితం తీసుకొని, రెండుతో మొదలుపెట్టి ఆరు మారులు వర్గం చేసి, ఒకటి తీసివేసి చూడాలి. అప్పుడు కాగితం మీద నిలిచే ఇరవై అంకెలు మల్లన తాటాకు మీద నిలిపిన అంకెలే.